ఏడు కంచెల డొంక

కొమరోలుకు నాలుగు మైళ్ల ఇవతల రోడ్డు దిగి కొండ వైపు నడిస్తే ఒక కుంట వస్తుంది. ఎంత ఎండాకాలమైనా అందులో జీవాలు తాగేపాటి నీళ్లుంటాయి. రోడ్డు నుంచి కుంట దాకా ఒక డొంక ఉండేది. గొర్రెల గిట్టలు తొక్కి తొక్కి వేసిన బాట అది, ఏ కాగితంలోనూ లేదు. కాటమరాజు తాత ఆ బాటన నడిచాడు, తండ్రి నడిచాడు, కాటమరాజు యాభై ఏళ్లొచ్చేదాకా నడిచాడు. ఈ దారి ఎవరిదన్న అనుమానం ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

ఈసారి మేత కోసం నల్లమల అంచున మూడు నెలలు తిరిగి, రెండు వందల జీవాలతో వచ్చేసరికి డొంక కనబడలేదు. దాని మీద ఒకదాని వెనక ఒకటిగా ఏడు కంచెలు లేచాయి. మొదటి గేటు పక్కన బోర్డు: "స్వేచ్ఛాక్షేత్రం. ఇక్కడ ఎవరూ ఎవరికీ పెద్ద కాదు."

కొండ చుట్టి పోవాలంటే ఎనిమిది మైళ్లు. మందలో ముప్పై చూడి గొర్రెలున్నాయి, ఈ ఎండకు అవి అంత దూరం నడవలేవు. నీళ్లు దొరక్కపోతే మందనంతా లారీకెత్తి పామూరు సంతలో వచ్చినకాడికి తెగనమ్మాలి. ఆ తరవాత చేతిలో కర్ర ఎందుకుందో తెలియని మనిషిగా ఇంటికి పోవాలి. కాటమరాజు గేటు దగ్గరికి నడిచాడు.

గేటు చప్పుడు చేస్తే పెద్ద టోపీ, మోకాళ్ల దాకా లాగూ వేసుకున్న మనిషి వచ్చాడు. పేరు కృపాకర్. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసి, పైవాళ్ల మాట పడలేక మానేసి, తనలాంటి వాళ్లను ఆరుగురిని పోగేసి ఈ భూమి కొనిపించాడు. మనిషి మీద మనిషి పెత్తనం లేకపోతే లోకం దానంతటదే బాగుపడుతుందని ఆయన సిద్ధాంతం. దాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తారంటే, వాట్సాప్ గ్రూపుకు ఒకడే అడ్మిన్ ఉండటం పెత్తనమని ఏడుగురూ ఏడు గ్రూపులు పెట్టుకున్నారు. ఒకే కబురు ఏడుసార్లు చదువుకుంటారు.

"అన్నా, మీ ప్రెసిడెంటు ఎవురు?" అన్నాడు కాటమరాజు.

"ఎవరూ లేరు. అన్నా అని కూడా అనకండి, ఇక్కడ పెద్దా చిన్నా లేదు. కృపాకర్ అనండి చాలు."

"అట్లనే కృపాకరన్నా."

"దారి కావాలంటే ఏడుగురినీ విడివిడిగా అడగండి, కాటమరాజు గారూ. ఎవరి నేల మీద వాళ్లదే నిర్ణయం."

ఈ 'గారు' ఎవరా అని కాటమరాజు వెనక్కి తిరిగి చూశాడు.

మందను తుమ్మచెట్ల కింద నిలిపి గేటు గేటుకూ తిరిగాడు. మొదటి చేను హేమలతది. మార్కాపురంలో స్కూలు నడిపి వదిలేసిన మనిషి. "రాత్రికి నా చేలో మంద ఆపు, పెంట నాకు దక్కుతుంది. నేను రానిస్తా" అంది. అక్కడంతా ఎర్ర గరప నేల. గొర్రెల పెంట పడితే తప్ప మొక్క బతకదని అప్పటికి ఏడుగురికీ తెలిసొచ్చింది. రెండో చేను ఆదినారాయణది. రిటైరైన బ్యాంకు ఉద్యోగి. ఆయనకూ మంద కావాలి.

"మా చేలో ఆపు. కానీ ఇక్కణ్ణించి పక్కనున్న వంశీ చేలోకి మాత్రం పోనివ్వను. నా నేల తొక్కి వాడి బత్తాయిలకు ఎరువు పోయేదేంది?"

"వాటికి కావాల్సింది నీళ్లు మామా!"

"నీళ్ల సంగతి నీది. నేల సంగతి నాది."

మూడో చేలో వంశీ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తను నిద్రపోయే వేళ గనక గొర్రెలు అరవకూడదన్నాడు. నాలుగో ఆయన చాలాసేపు ఆలోచించి, "ఇంత ఎండలో నడవడం గొర్రెలకు ఇష్టమేనా, కనుక్కున్నారా?" అని అడిగాడు. అయిదో చేను ఆవిడ సరేనని, అరగంటకు మనసు మార్చుకున్నానని కబురు పంపింది. ఆరో గేటుకు తాళం, మనిషి గిద్దలూరు పోయాడు. ఏడోది, కుంటకు ఆనుకున్నది, కృపాకర్‌దే. "మనం పద్ధతిగా ఒప్పందం రాసుకుందాం" అన్నాడాయన.

కాటమరాజు పెళ్లానికి ఫోన్ చేశాడు.

"కంచె పీకి తోలక గేట్లకాడ అడుక్కునేదేంది?" అంది రాఘవమ్మ. "మీ నాయనైతే ఈపాటికి కుంటలో ఉండేవోడు."

"మా నాయన కాలంలో కంచె యాడుందే?" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం హేమలత గేటు తీసింది. తన బోరు ఆన్ చేసి, గుంటలో టార్పాలిన్ పట్టా పరిచి నీళ్లు నింపింది. జీవాలు తాగాయి, పడుకున్నాయి, తమ పని తాము చేశాయి. తెల్లారేసరికి ఆమె చేను నల్లగా నిగనిగలాడుతోంది. కంచె అవతల నిలబడి చూసిన ఆదినారాయణకు కళ్లు కుట్టాయి. కటింగ్ ప్లేరు తెచ్చి తీగ తనే కత్తిరించాడు.

"మా చేలోకి తోలు. ఎవురో చెప్పినారని కాదు, ఇది నా సొంత నిర్ణయం!"

మర్నాడు వంశీకీ సొంత నిర్ణయం కలిగింది. నిద్ర మాటే ఎత్తలేదు. తన చేనుకు పెంట దక్కింది గనక ఆదినారాయణా అడ్డు చెప్పలేదు. పగలు తాగడానికి హేమలత గుంట, రాత్రి పడకకు ఇంకో కొత్త చేను. నాలుగో ఆయన గొర్రెల ఇష్టం తనకు అర్థమైందన్నాడు, అయిదో ఆవిడ మళ్లీ మనసు మార్చుకుంది, ఆరో ఆయన గిద్దలూరు నుంచి వస్తూనే తాళం తీశాడు. గొర్రెలు ఎక్కడ మూతి ఆనించి నిలబడితే అక్కడే తీగ తెగింది. పాతబాట అవి మరిచిపోలేదు మరి.

ఏడో రోజు పొద్దున హేమలత బోరు గాలి కక్కింది. చుక్క లేదు. మంద ఏడో కంచె దగ్గరకు వచ్చింది. అవతల కుంట మెరుస్తోంది. కృపాకర్ పద్నాలుగు పేజీల ఒప్పందంతో ఎదురొచ్చాడు.

"పదకొండో షరతు ముఖ్యం. ఇద్దరిలో ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు."

"ఎప్పుడంటే అప్పుడు తప్పుకునేటట్టయితే ఇంక మాటిచ్చేది ఎందుకన్నా?" అన్నాడు కాటమరాజు. "నాకు భయమైతాంది. ఇయ్యాల నీళ్లు లేకపోతే రేపు పొద్దున లారీ పిలిపించాల. నీ కాగితం చదివేలోపల ఇవి పడిపోతాయి."

మిగిలిన ఆరుగురూ వచ్చి వరసగా నిలబడ్డారు. గేటు తీయమని ఒక్కరూ అనలేదు, అంటే పెత్తనమవుతుంది.

"కృపాకర్ గారూ, నేనేం చెప్పట్లేదు. ఊరికే నిలబడ్డాను" అంది హేమలత.

"నేనూ అంతే" అన్నాడు ఆదినారాయణ, కటింగ్ ప్లేరు చేత పట్టుకుని.

కృపాకర్ వాళ్లను చూశాడు, నాలుక బయటపెట్టి రొప్పుతున్న గొర్రెలను చూశాడు. కాగితాలు చంకలో పెట్టుకుని గేటు తీశాడు. రెండు వందల జీవాలూ ఆయన్ని రాసుకుంటూ దూసుకుపోయాయి. టోపీ ఎటు పోయిందో తెలియలేదు.

అవి కుంటలో మూతులు పెట్టాక కాటమరాజు గట్టు మీద కూలబడి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పక్కన కూర్చున్న కృపాకర్ మొహం వెలిగిపోతోంది.

"చూశారా! మీటింగు లేదు, చట్టం లేదు, ఏడుగురం మా ఇష్టంతో దారిచ్చాం. కాటమరాజు గారూ, మీరూ మాలో చేరండి. మా అందరికన్నా స్వేచ్ఛగా బతికేది మీరే."

"చేరితే ఏం చెయ్యాలన్నా?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఎవరి మాటా వినక్కర్లేదు."

"నాకు కుదర్దన్నా. నేను వీటిని తోల్తాన్నానని జనం అనుకుంటారు గానీ, ముప్పై ఏండ్లనించి ఇవే నన్ను తోల్తాన్నాయి. దాహమంటే నడవాల. ఈనుతాంటే నోటికాడి ముద్ద వదిలిపెట్టి లేయాల."

"మరి మానెయ్యొచ్చుగా?"

"మా తమ్ముడు కృష్ణ నిరుడు మానేసినాడు, మంద అమ్మేసినాడు. ఇప్పుడు వానికి పొద్దున లెయ్యమని చెప్పేవోళ్లు ఎవురూ లేరు. రోజూ ఫోన్ చేస్తాడు. 'నువ్వు మాట్లాడొద్దన్నా, ఫోను జీవాలకాడ పెట్టు, కాసేపు ఇంటా' అంటాడు."

 కుంట అంచున చూడి గొర్రె ఒకటి బురదలో కాలు దిగబడి అరిచింది.

"వచ్చినా తల్లీ, వచ్చినా!" అంటూ కాటమరాజు పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు.