చేతికెక్కిన మేజోడు

నేను ఒక మేజోడును. మెత్తటి నూలుతో, మీద పసుపు బాతుబొమ్మతో, పసివాళ్ల పాదానికని పుట్టాను. తణుకు బజారులో మంగవేణి అనే పడుచు తల్లి నన్నూ నా జోడునూ కొని, ఇంటికెళ్లి కొడుకు మోక్షిత్ చేతులకు తొడిగింది. ఇంత తొందరగా పైకొచ్చినవాళ్లు మా వంశంలో లేరు.

ఎందుకు తొడిగిందో వెంటనే తెలిసింది. వాడి బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రగా పొక్కి గరుకు తేలాయి. గోకితే నెత్తురే. ఆ గోళ్లను ఆపడం నా ఉద్యోగం. వాడేమో నన్ను బోసి చిగుళ్లతో నమిలి ముద్ద చేసేవాడు.

వాడికన్నా ఎక్కువ దురద నాయనమ్మ సత్యవతమ్మకు.

"వంకాయ తిన్నావేంటే?"

"లేదత్తయ్యా."

"అయితే తిందామని అనుకునుంటావు."

పాపం మంగవేణి వంకాయ, గుడ్డు, చేప అన్నీ మానేసి చారన్నంతో చిక్కిపోయింది. తన పాలే పిల్లాడికి పడటం లేదేమోనని, పాలు మాన్పించేయడానికి కూడా సిద్ధపడింది. ఆ మాట అన్నరోజు సత్యవతమ్మకే భయం వేసి, కోడలినీ మనవణ్ణీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. చేతిమీద ఉన్నాను గనుక నేనూ వెళ్లాను.

"ఇది ఎగ్జిమా అమ్మా. వీడి చర్మం తడిని నిలుపుకోలేకపోతోంది. ఎవరికీ అంటుకోదు. నీ తప్పు కాదు. పాలు మాన్పకు, కడుపునిండా తిను. సున్నిపిండితో రుద్దొద్దు. గోరువెచ్చటి నీళ్లు పోసి, తువ్వాలుతో మెత్తగా అద్ది, ఒళ్లు పూర్తిగా ఆరకముందే ఈ క్రీము దండిగా రాయి. ఎర్రగా ఉన్నచోట ఈ ఆయింటుమెంటు, నేను చెప్పినన్నాళ్లు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కంగారుపడకు."

కంగారుపడకు అంటే మానేసే మనుషులు నాకింకా తగల్లేదు. మంగవేణి భయంభయంగా వేలికొసతో క్రీము తాకించింది.

"పచ్చడి నంజుకున్నట్టు రాత్తే ఎలాగే? ఇటియ్యి," అని అత్తగారు డబ్బా లాక్కుని, గోడకు సున్నం వేసినట్టు పట్టించింది. అప్పటినుంచి వంకాయ ఊసే లేదు. తప్పు ఒప్పుకోవడానికి మనుషులకు ఏదో ఒక డబ్బా కావాలి కాబోలు.

కొన్ని వారాలకు ఎరుపు తగ్గింది. ఒక మధ్యాహ్నం మంగవేణి ఊపిరి బిగబట్టి నన్ను లాగేసింది. చిన్ని చెయ్యి పైకి లేచింది. బుగ్గదాకా వెళ్లింది. బుగ్గను దాటి, వంగి చూస్తున్న నాయనమ్మ ముక్కుపుడకను పట్టేసింది.

"వదలరా దొంగసచ్చినోడా. నవ్వుతావేంటే, ముందు వీడి గోళ్లు తియ్యి."

మంగవేణి నవ్వు ఆపుకోలేక, కొడుకును ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది.

ఇప్పుడు నేను బట్టల పెట్టె అడుగున ఉన్నాను. చలిగాలి మొదలైతే మళ్లీ పిలుస్తారేమో. పిలవకపోతే అలగను.