కుచ్చెళ్ళ అంచు

కుట్టుమిషను మా అమ్మాయికి ఇచ్చేస్తానని చెప్పి రెండేళ్ళయింది. ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. చివరికి ఒక ఆదివారం ఉదయం అది చిన్న వ్యాను మాట్లాడుకుని వచ్చి, వీధిలో నిలబెట్టి, పైకొచ్చింది.

"నాన్నా, ఇవాళ కూడా బెల్టు తెగిందంటావా?"

"లేదు. సొరుగు ఖాళీ చెయ్యాలి, అంతే."

"పోయినసారి కూడా సొరుగే అన్నావు. తప్పుకో, నేను చేస్తా."

మా ఆవిడ నలభై ఏళ్ళు ఆ మిషను మీద ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టింది. సొరుగు నిండా గుండీలు, హుక్కులు, అరిగిపోయిన సుద్దముక్కలు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు వాడే చేతి భూతద్దం. అన్నిటికీ అడుగున ఒక కాగితం పొట్లం. ఆ మడత నాకు తెలుసు. వ్యవసాయ కళాశాల కీటకాల మ్యూజియంలో ముప్పై మూడేళ్ళు నమూనాలకు అదే మడత పెట్టాను. ఆవిడకు నేర్పిందీ నేనే. పొట్లం మీద గుండ్రటి అక్షరాలతో తేదీ, దాని కింద: "బాల్కనీ గన్నేరు. అంచు వేరుగా ఉంది. ఆయన చూడాలి."

ఆవిడ పోవడానికి ఎనిమిది నెలల ముందటి తేదీ అది. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. నేను పేపరు చదువుకుంటున్నాను. ఆవిడ బాల్కనీలో గన్నేరు కుండీ దగ్గర కూర్చుని, భూతద్దంతో ఆకు చూస్తోంది.

"ఏమండీ, ఒకసారిలా రండి. ఇవి మీ మామూలువి కావు."

"గన్నేరు మీద పొలుసు పురుగులేగా? ఏ గన్నేరుకి లేవు? పాత బ్రష్షు పెట్టి తోమెయ్."

"మామూలుదాని అంచు చదునుగా ఉంటుంది. దీనికి కుచ్చెళ్ళు పోసినట్టుంది."

"నీకు ప్రపంచమంతా లంగాలాగే కనిపిస్తుంది" అన్నాను. ఇద్దరం నవ్వాం. నేను మాత్రం పేపర్లోంచి తల ఎత్తలేదు.

కంటితో చూసి పేరు చెప్పేవాడు జాతకాలు చెప్పుకోవడానికి పనికొస్తాడు గానీ పురుగుల పనికి పనికిరాడని ముప్పై మూడేళ్ళు విద్యార్థులను తిట్టినవాణ్ణి. ఆ రోజు కంటితో కూడా చూడలేదు.

పొట్లం విప్పాను. ఎండిన ఆకు మీద ఐదు మచ్చలు, ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా లేదు. పొలుసు పురుగు అంటే అంతే. మైనంతో పొలుసు అల్లుకుని దాని కిందే ఆడపురుగు బతుకు వెళ్ళదీస్తుంది. కాళ్ళుండవు, కళ్ళుండవు. కూర్చున్నచోటే కూర్చుంటుంది. ఆవిడ భూతద్దమే తీసి పట్టాను. పొలుసు అంచు చుట్టూ సన్నటి మడతలు, ఒకదాని పక్కన ఒకటి. కుచ్చెళ్ళే.

లేచి బాల్కనీలోకి పరుగెత్తాను. గన్నేరు నిగనిగలాడుతోంది. ఆకు వెనక్కి తిప్పితే అద్దంలా ఉంది.

"ఏం వెతుకుతున్నావు?" అంది అమ్మాయి.

"పురుగులు."

"ఒక్కటి కూడా దొరకదు. అమ్మ చనిపోయిన వారంలోనే సబ్బునీళ్ళు పెట్టి ఆకు ఆకూ తోమాను. అమ్మ మొక్క అలా పురుగు పట్టి ఉంటే చూడలేకపోయాను నాన్నా."

"మంచి పని చేశావమ్మా" అన్నాను. అబద్ధం కాదు. ఆ వారం ఇంట్లో ఎవరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దాని చేతులకు కనీసం ఒక పని దొరికింది.

మిషను వెళ్ళిపోయింది. భూతద్దం, పొట్లం నా దగ్గర ఉండిపోయాయి.

తరవాత పదిహేను రోజులు పార్కుల్లో, ఆసుపత్రి ఆవరణలో, రోడ్ల మధ్య, కనిపించిన ప్రతి గన్నేరు ఆకూ తిప్పి చూశాను. ఒకచోట తోటమాలి జాలిపడ్డాడు.

"పురుగుమందు కావాలా పెద్దాయనా?"

"మందు కాదయ్యా, పురుగే కావాలి."

అతను నన్ను ఎగాదిగా చూసి, నీళ్ళ గొట్టం ఇంకో పాదులో వేసుకున్నాడు.

దొరికినవన్నీ చదును అంచువే. ఇక ఆవిడ మాటకు సాక్ష్యం ఆ పొట్లం ఒక్కటే.

మ్యూజియం ఇప్పుడు నా పాత విద్యార్థిని చేతిలో ఉంది. ఆకును మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"మాస్టారూ, రెండింటికి బెజ్జాలున్నాయి. లోపల పురుగును కందిరీగ పిల్ల ఎప్పుడో తినేసింది. రెండు పసివి. ఎదిగిన ఆడది ఒక్కటే."

ఎదిగిన ఆడది లేకపోతే పొలుసు పురుగుకు పేరు పెట్టడం కుదరదు. దాన్ని పొలుసు కిందనుంచి సూదితో లేపి, క్షారంలో వెచ్చబెట్టి, లోపలిదంతా మెల్లగా నొక్కి తీసేసి, మిగిలిన పల్చటి చర్మానికి రంగు పట్టించి, గాజుపలక మీద పరచాలి. చర్మం చిరిగిందా, అంతే. కొత్త జాతి అని చెప్పడానికి ఏమీ మిగలదు. ఆవిడ చెప్పింది మళ్ళీ నవ్వులాటగానే మిగిలిపోతుంది.

"నేను చెయ్యనా?" అని అడిగింది.

"వద్దమ్మాయ్. ఇది నేనే చెయ్యాలి. ఆ రోజు లేవనివాణ్ణి నేను."

సూది పట్టుకున్నాను. నా చెయ్యి వణుకుతుందని నాకు తెలుసు. టీ కప్పు సాసర్లో గలగలమనడం రోజూ వింటూనే ఉన్నాను. కానీ మైక్రోస్కోపు దాన్ని నలభై రెట్లు చేసి చూపించింది. సూదిమొన గాలివానలో కొమ్మలా ఊగుతోంది, దాని కింద ఆ ఒక్క మచ్చ. పొలుసు అంచుకు మొన తగిలి ఒక కుచ్చెళ్ళ మడత విరిగింది. 

పక్కనే పొట్లం తెరిచి ఉంది. ఆయన చూడాలి. అంతే రాసింది. చెయ్యాలని ఎక్కడా రాయలేదు. అన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగినవి కొన్నే, అవన్నీ ఇంత చిన్నవే.

కుర్చీ వెనక్కి జరిపాను. "నువ్వు చెయ్యి" అని సూది ఇచ్చేశాను.

ఆమె చేతులు నిదానమైనవి. ఒకప్పుడు ఆ నిదానానికే నేను విసుక్కునేవాణ్ణి. రెండు రోజులు పట్టింది. చివర్లో లవంగనూనెలో ముంచుతారు. గదంతా ఆ వాసన. ముప్పై మూడేళ్ళు ఆ వాసనతోనే ఇంటికి వెళ్ళేవాణ్ణి. "వచ్చారా, పంటి డాక్టరుగారు" అనేది మా ఆవిడ తలుపు తీస్తూ.

"రండి మాస్టారూ" అంది.

కంటిని అద్దానికి ఆనించాను. గులాబీరంగు పట్టిన చర్మం, ఎక్కడా చిరగలేదు. వెనక కొసన మామూలుదానికి చెవితమ్మెల్లాంటి బుడిపెలు మూడు జతలుంటాయి, దీనికి ఐదు. వాటి మధ్య అంచు పొడుగునా కుచ్చెళ్ళు, ఎవరో గోటితో ఒక్కొక్కటే నొక్కి మడిచినట్టు. ఎంతసేపు చూశానో.

"టీ చల్లారిపోతోంది" అంది ఆమె.

"నువ్వన్నదే నిజం" అన్నాను.

"నేనేమన్నాను?" అని అడగబోయి, నా మొహం చూసి కప్పు అందుకుంది. చల్లారిన టీ తీసుకెళ్ళి వేడి చేసుకొచ్చింది.

కొత్త జాతిగా ప్రకటించే వర్ణన రాయడానికి నాలుగు నెలలు పట్టింది. పేరు సంగతి వచ్చినప్పుడు మా అమ్మాయిని అడిగాను.

"అమ్మ పేరా? పురుక్కా? జీవితమంతా బ్రష్షు పెట్టి తోమిందానికి తన పేరు పెడితే అమ్మ ఊరుకుంటుందా?" అంది. తరవాత "అమ్మ దాన్ని ఏమంది?" అని అడిగింది.

"కుచ్చెళ్ళు అంది."

ఆ అర్థం వచ్చే లాటిన్ మాటే పేరుగా పెట్టాం. సేకరించినవారు అన్నచోట ఆవిడ పూర్తి పేరు రాశాను, ముందు నా పేరు లేకుండా.

"మగది ఎలా ఉంటుంది నాన్నా?"

"రెక్కలుంటాయి. నోరుండదు. ఒకటి రెండు రోజులు బతుకుతుంది, ఆడదాన్ని వెతుక్కుంటూ."

"అయ్యో, నోరుండదా?"

"లేకపోవడమే మేలమ్మా. ఉంటే, 'ఆ, మామూలుదేలే' అని వెళ్ళిపోయేది."

అమ్మాయి నవ్వింది. తరవాత నా భుజం మీద చెయ్యి వేసింది.

పొట్లం మాత్రం నా దగ్గర మిగల్లేదు. సేకరించినవారి చేతిరాత గాజుపలకతోపాటు మ్యూజియం బీరువాలోనే ఉండాలి.

"ఈ నియమం పెట్టింది మీరే మాస్టారూ" అంది పాత విద్యార్థిని, నొచ్చుకుంటూ. "ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు రండి. తాళం నా దగ్గరే ఉంటుంది." నేను తలుపు దాటేవరకూ ఆమె బీరువా మూయలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే బాల్కనీలో కూర్చుని గన్నేరు ఆకులు తిప్పి చూస్తాను. మా వీధిలో మొక్కకు పురుగు పట్టాలని కోరుకునేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. మొన్న ఆదివారం మా అమ్మాయి మొక్కకు నీళ్ళు పోస్తూ వంగి, ఒక కింది ఆకు తిప్పింది.

"నాన్నా, ఇక్కడేదో మచ్చ. మామూలుదేలే. తోమెయ్యనా?"

పేపరు కింద పడేసి, భూతద్దం తీసుకుని లేచాను.

"ఉండమ్మా, ముట్టుకోకు" అన్నాను. "చూడనీ."