నాగేంద్రమ్మగారి నుదురు

జగ్గయ్యపేట చుట్టుపక్కల చనిపోయినవాళ్ళ మొహాలు నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియవు. గొప్పలు పోతోందనుకుంటారేమో, అనుకోండి. ఇటు నందిగామ, అటు వత్సవాయి దాకా ఎవరింటి హాల్లోనైనా దండ వేసిన పటం కనబడి, అది కంప్యూటర్లో తీసింది కాకుండా ఆయిల్ రంగులతో వేసిందైతే, వేసింది నేనే. కాస్త పాతదైతే మా నాన్న బుడే సాహెబ్. నాన్న షాపుల బోర్డులు రాసేవాడు, పోయినవాళ్ళ పటాలు వేసేవాడు. బోర్డుల పని ఫ్లెక్సీలు మింగేశాయి. పటాల పని నాకు వచ్చింది. నా పేరు తబస్సుం, వయసు నలభై ఏడు. పాతికేళ్ళుగా ఇదే నా పని. ఇంకో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు.

నా స్టూడియో మెయిన్ బజార్లో ఒక మ్యాచింగ్ సెంటర్ పైన ఉన్న గది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, పటం నిలబెట్టే ఈజిల్ ఒకటి, రెండు కుర్చీలు, గది నిండా టర్పెంటైన్ వాసన. ఎవరొచ్చినా ముందు ముక్కు మూసుకుంటారు, తర్వాత "అంత అచ్చంగా ఎట్టా వేస్తారండీ, ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వచ్చిద్ది?" అని అడుగుతారు. కింది షాపులోంచి అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు గానీ నేను చెప్పేది నిజమే. చెంప కింద నీడ కుదరనప్పుడు మెట్లు దిగి వెళ్ళి జాకెట్ గుడ్డల అరల ముందు నిలబడతాను. ఉల్లిపొర రంగు, మెంతి రంగు, నీరుకావి రంగు వరసగా ఉంటాయి. ఏదో ఒక అరలో నాకు కావలసింది దొరుకుతుంది. సిమెంటు లారీలు రేపిన దుమ్ము ఎండలో నిలబడినప్పుడు మనుషుల చర్మం ఎలా కనబడుతుందో నేర్చుకున్నది కూడా ఈ కిటికీ దగ్గరే.

ఇంత ధీమాగా ఉండే నన్ను ఒక్క మాట మాత్రం రెండేళ్ళుగా గుచ్చుతూ ఉంది. విజయవాడలో చిత్రకారుల క్యాంపు పెడితే వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన నా పటాలు చూసి, "చెయ్యి బాగా తిరిగిందమ్మా. కానీ నువ్వు ఫొటోల్ని చూస్తావు, మనుషుల్ని చూడవు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. గట్టిగా సమాధానం చెబుదామంటే ఏమని చెప్పను? అన్నేళ్ళలో బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నేను ఒక్క పటమూ వేయలేదు. ఎవరూ వేయమనలేదు. మా వైపు ఒక మొహాన్ని పటంగా వేయించారంటే ఆ మనిషి ఇక లేరనే అర్థం. బతికుండగా వేయించుకోవడం అపశకునమని జనం భయపడతారు.

భయపడని మనిషి కార్తీకం వెళ్ళిన వారానికి నా మెట్లెక్కి వచ్చింది. డెబ్భై ఆరేళ్ళ నాగేంద్రమ్మగారు. నందిగామలో వాళ్ళకి పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. భర్త శ్రీమన్నారాయణగారు పోయి పంతొమ్మిదేళ్ళయింది, ఆయన పటం వేసింది మా నాన్నే. ఆమె నందిగామ నుంచి ఒక్కతే బస్సులో వచ్చి, మెట్ల మీద రెండుచోట్ల ఆగి, లోపలికి రాగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా ఆయన పటం పక్కన ఇంకో పటం కావాలమ్మాయ్."

"ఎవరిదండీ?" ఎప్పటిలాగే ఫొటో కోసం చెయ్యి చాపాను.

"నాది. చచ్చాక వేస్తే నేను చూసుకునేదెట్టా?"

నాకు నవ్వొచ్చింది, ఆవిడ మాత్రం నవ్వలేదు. "మా అబ్బాయి హరిచరణ్ సంగతి నాకు తెలుసు. నేను పోయిన రోజే ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేయించుకొస్తాడు. ఆ ఫొటోలో నేను ఎవర్నో కొట్టొచ్చినదాన్లా ఉంటా. నా ఎదురుగా కూర్చుని, నన్ను చూసి వెయ్యి. కానీ ముందే చెబుతున్నా, అది నేను కాకపోతే తీసుకెళ్ళను. మొహమాటానికి బాగుందనే రకాన్ని కాదు నేను."

ఇంకెవరైనా అలా అంటే వెళ్ళి రమ్మనేదాన్ని. కానీ విజయవాడ పెద్దాయన మొహం గుర్తొచ్చింది. ఈవిడ తీసుకెళ్తే ఆయన మాట అబద్ధం. తీసుకెళ్ళకపోతే ఆయన అన్నది నిజమని నేనే ఒప్పుకోవాలి. "రేపు తొమ్మిదింటికి రండి పెద్దమ్మగారూ" అన్నాను.

మొదటి మూడు రోజులూ నాకు చుక్కలు కనిపించాయి. ఫొటో కదలదు. ఈవిడ క్షణం ఊరుకోదు. వ్యాపారం గురించి చెప్పేటప్పుడు మొహంలో పదేళ్ళు తగ్గిపోతాయి, మోకాళ్ళ గురించి చెప్పేటప్పుడు అంతకు రెట్టింపు వచ్చి పడతాయి. నేను ఎడమ కన్ను గీసేసరికి ఆ కన్ను అక్కడ ఉండేది కాదు. మూడో రోజు విసుగొచ్చి, "కాస్త కదలకుండా కూర్చోండి పెద్దమ్మగారూ" అని గట్టిగానే అన్నాను.

"కదలకుండా ఉండే రోజు ఎట్టాగూ వచ్చిద్ది. అప్పటిదాకా ఆగుతావా?" అంది.

ఆ రోజు వేసిందంతా గీకి పారేశాను. నాలుగో రోజు ఆవిడ చేతి సంచిలో కందిపప్పు శాంపిల్ పొట్లాలు తెచ్చుకుంది. ఊరికే కూర్చోవడం తన వల్ల కాదంది. ఒక్కో పొట్లం విప్పి అరచేతిలో పోసుకోవడం, బొటనవేలితో అటూ ఇటూ జరపడం, ఒక బద్ద కొరికి చూడడం. "ఇది ఖమ్మం సరుకు. తడి ఆరకుండానే మూటలు కట్టారు, దొంగ సచ్చినోళ్ళు." ఇంకో పొట్లం కొరికి తల ఊపింది. అప్పుడు కనబడింది నాకు ఆమె మొహం. తల కాస్త వంచి, కళ్ళు మాత్రం పైకెత్తి, ఎదుటి మనిషి చెప్పే ధర నమ్మకుండా చూసే చూపు. ఈమెను ఇలాగే వేయాలి అనుకున్నాను. చెయ్యి దానంతటదే కదిలింది.

తర్వాతి రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. ఆవిడ పప్పు కొరుకుతూ నందిగామలో ఎవరు ఎవర్ని ముంచారో చెప్పేది, నేను వింటూ వేసేదాన్ని. పదకొండింటికి టీ తాగి ఆవిడ బస్సెక్కేది. పూర్తయ్యేదాకా పటం చూపించనని చెప్పాను, ఆవిడ కూడా తొంగి చూడలేదు. పెదవుల దగ్గర ఉన్న మొండితనం కుదిరింది. చెవి తమ్మెకున్న సాగిన రంధ్రం కుదిరింది. పదో రోజు కళ్ళు పెట్టాక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని, గదిలో ఒక్కదాన్నే "ఏం పెద్దాయనా, ఇప్పుడేమంటావ్?" అని పైకే అన్నాను.

పదకొండో రోజు ఆవిడను హరిచరణ్ కారులో తీసుకొస్తానని కబురు చేశాడు. వాళ్ళు వచ్చేలోగా మిగిలిన చిన్నా చితకా పని ముగించాను. చీర అంచు సరిచేశాను, జుట్టులో రెండు తెల్ల గీతలు లాగాను, చివరి గీత వేసి బ్రష్షు కడిగేశాను.

ఇద్దరూ లోపలికి వచ్చారు. హరిచరణ్‌కు యాభై రెండేళ్ళుంటాయి, తెల్ల చొక్కా, మెత్తని మనిషి. పటం మీద గుడ్డ తీయగానే చేతులు జోడించేశాడు. "అబ్బ! అమ్మ అచ్చం లక్ష్మీదేవిలా ఉందండీ. నాన్న ఉన్నప్పుడు ఇట్టాగే ఉండేది."

అప్పుడు చూశాను నేను చేసింది. నాగేంద్రమ్మగారి నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా, తడిగా బొట్టు మెరుస్తోంది.

పంతొమ్మిదేళ్ళుగా బొట్టు లేని మనిషికి బొట్టు పెట్టాను. అరగంట కిందట ఈ చేత్తోనే పెట్టాను, పెట్టినట్టు కూడా నాకు తెలియదు. మా పనిలో పద్ధతి అలాంటిది. పచ్చిగా ఉన్న చర్మం రంగు మీద ఎరుపు పెడితే మురికిగా కలిసిపోతుంది. అందుకని ఆడవాళ్ళ పటమైతే నుదుటి మధ్య రూపాయి బిళ్ళంత చోటు మొదటి రోజే ఖాళీగా వదిలేస్తాం, అన్నీ అయ్యాక చివరి గీతగా అక్కడ ఎరుపు నింపుతాం. భర్త పోయినవాళ్ళయినా ఇంట్లోవాళ్ళు తెచ్చేది బొట్టున్న రోజుల ఫొటోనే. పాతికేళ్ళలో బొట్టు లేని ఆడమనిషిని నేను వేయలేదు. నేను బొట్టు పెట్టుకోను, మా ఇంట్లో ఎవరూ పెట్టుకోరు. కానీ ఈ చెయ్యి ఎన్ని వందల నుదుళ్ళకు పెట్టిందో లెక్క లేదు.

"క్షమించండి పెద్దమ్మగారూ," అన్నాను. "కావాలని చెయ్యలేదు. అలవాటులో పడిపోయింది."

ఆవిడ పటం వైపే చూస్తోంది. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందేమోనని కూడా భయపడ్డాను. ఏమీ లేదు. పప్పు శాంపిల్ చూసినట్టు చూసింది.

"బానే ఉంది. ఈవిడ నాకు తెలిసినావిడే. కానీ నేను కాదు," అంది.

"ఉండనీ అమ్మా," అన్నాడు హరిచరణ్. "పటంలో ఎవరేమనుకుంటారు? నాన్న పక్కన బొట్టుతో ఉంటేనే బాగుంటది."

"మీ నాన్న పక్కన పెట్టేది నన్నా, ఇంకోదాన్నా? తుడువమ్మాయ్."

మెత్తటి గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి తుడిచాను. ఎరుపు తేలిగ్గానే పోయింది, కింద వదిలేసిన కాన్వాసు తెల్లగా బయటపడింది. నిండైన మొహం, దాని మధ్యలో గుండ్రంగా ఖాళీ. నాగేంద్రమ్మగారు దగ్గరికి వచ్చి వేలితో చూపించింది.

"ఇదేంది? ఇక్కడ ఉత్త గుడ్డ కనపడతంది?"

పద్ధతి చెప్పాను. మొదటి రోజే ఆ చోటు వదిలేస్తామని, చివరిదాకా దాని జోలికి పోమని. ఆవిడ అంతా విని తల ఊపింది.

"అంటే ఈ పదకొండు రోజులూ నన్ను ఇక్కడ చూడనే లేదన్నమాట."

తల కొట్టేసినట్టయింది. విజయవాడ పెద్దాయన నలుగురిలో అన్నదానికంటే ఇది ఎక్కువ తగిలింది. ఆయన ఊరికే అన్నాడు, ఈవిడ వేలు పెట్టి చూపించింది. రోజుకు రెండు గంటల చొప్పున ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలో నట్టనడుమ ఏముందో నాకు తెలియదు.

ఆవిడ పటం చూడ్డానికి పెట్టుకున్న కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మొహం వెలుతురు వైపు ఎత్తి నిలబడింది. "రా. ఇప్పుడు చూడు."

చూశాను. నుదుటి మధ్యలో, కనుబొమల కలయికకు కాస్త పైన, పాలిపోయిన మచ్చ ఉంది. గుండ్రంగా, చుట్టూ ఉన్న చామనఛాయ కంటే తెల్లగా ఉంది. అంచు దగ్గర చర్మం కొద్దిగా నల్లబడి గీతలా ఉంది.

"ముట్టుకో, ఫర్లేదు," అంది.

వేలితో తాకాను. అక్కడ చర్మం పల్చగా, కాస్త లోపలికి, నున్నగా ఉంది. "పదిహేడో ఏట పెళ్ళయింది. మైనం రాసి దాని మీద కుంకం అద్దేదాన్ని. తర్వాత్తర్వాత స్టిక్కర్లొచ్చినయ్. నలభై ఏళ్ళు ఒకటే చోట. ఆయన పోయాక తీసేశారు. కానీ ఇది మాత్రం పోలా," అంది. చెప్పడంలో బాధేమీ లేదు. ఊళ్ళో ఫలానా చోట బావి ఉంది అన్నట్టు చెప్పింది. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ నుదుటి మీద ఎరుపు నింపుకుంటూ వచ్చాను, దాని కింద చర్మం ఏమవుతుందో ఒక్కసారి కూడా అనుకోలేదు.

"కూర్చోండి పెద్దమ్మగారూ. ఇంకో అరగంట," అన్నాను.

హరిచరణ్‌కు ఫోనొచ్చింది, మాట్లాడుకుంటూ కిందికి వెళ్ళాడు. నేను పలక మీద రంగులు కలిపాను. తెలుపులో కొంచెం పసుపు, చిటికెడు ముదురు ఎరుపు, బూడిద రంగు. ఒకటి పెట్టి తుడిచాను, ఇంకోటి పెట్టి తుడిచాను. మూడోది కుదిరింది. అంచు గీతకు సన్న బ్రష్షు తీసుకున్నాను. ఆ అరగంటలో ఆవిడ కదలలేదు, పప్పు కొరకలేదు. ఒక గీతకు ఒకసారి చొప్పున ఆమె నుదురు చూసి వేశాను. నా జీవితంలో ఒక మనిషిని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకిప్పుడు నామోషీ లేదు.

అయిపోయాక ఈజిల్ ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. చూస్తూ ఉండగానే హరిచరణ్ మెట్లెక్కి వచ్చాడు.

"అయిపోయిందాండీ?" అంటూ దగ్గరికి వచ్చి ఆగాడు. "తుడిచింది సరిగ్గా పోయినట్టు లేదండీ. నుదుటి మీద ఏదో మరక ఉండిపోయింది."

"అది మరక కాదురా," అంది నాగేంద్రమ్మగారు. "మీ నాన్న."

అతనికి అర్థం కాలేదు. పటం వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత తల్లి కుర్చీ దగ్గరికి వచ్చి వంగి, ఆమె నుదురు చూశాడు. చెయ్యి సగం దాకా లేపి ఆగిపోయాడు. "ఇది ఎప్పట్నుంచి ఉందమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఆవిడ కొడుకు చేతిని తీసుకుని తన నుదుటి మీద పెట్టుకుంది, నా వైపు తిరిగింది.

"ఆరడానికి ఎన్ని రోజులు పట్టిద్దమ్మాయ్? మళ్ళీ నేనే వచ్చి తీసుకెళ్తా."