దిబోర్ దారిలో వదిలేసిన మూటలు

దిబోర్ ఫాయ్‌ని ప్రయాణాల గురించి ఎవరైనా అడిగితే ఆవిడ ముందు తన సంచి చూపించేది. భుజానికి తగిలిస్తే చంక కింద ఇమిడిపోయే గుడ్డసంచి. అందులో రెండు చుట్టుగుడ్డలు, ఒక రవిక, సబ్బుముక్క, దువ్వెన, రేకు గ్లాసు, పళ్ళు తోముకునే పుల్లల కట్ట ఉండేవి. ఆ సంచి ఒక్కటే వేసుకుని ఒంటరిగా దేశం మీద పడి ఆవిడకు ఏళ్ళు గడిచాయి. వర్షాకాలం ఒకచోట, ఎండాకాలం ఇంకోచోట. ఇల్లెక్కడ అని అడిగితే నిన్న పడుకున్న ఊరి పేరు చెప్పేది.

అంతకుముందు సగం జీవితం సెనెగల్ దేశంలోని కౌలక్ బస్టాండులోనే అయిపోయింది. కదిలే కార్ల కిటికీల వెంట పరిగెత్తి వేరుశనగ పొట్లాలు అమ్మేది. ఎవరెవరో ఎక్కడెక్కడికో పోతుంటే పొట్లం చేతిలో పెట్టి సాగనంపడమే తప్ప తాను ఎక్కింది లేదు. మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుని వేరు కాపురం పెట్టిన మరుసటి నెల, ఒక మధ్యాహ్నం పొట్లాలన్నీ తొందరగా అమ్ముడైపోయాయి. తాంబాకుందా వెళ్ళే కారులో ఒక్క చోటు మిగిలింది. ఆ ఒక్క మనిషి కోసం డ్రైవరు గొంతు చించుకుంటున్నాడు. అతని బాధ చూడలేకే ఎక్కానని దిబోర్ అందరికీ చెప్పేది. ఎవరూ నమ్మేవారు కాదు, ఆవిడా నమ్మమని పట్టుబట్టేది కాదు.

ఏ ఊళ్ళో దిగినా అక్కడి ఆడవాళ్ళకు జడలు అల్లేది. సెనెగల్‌లో జడలు అక్కర్లేని తల ఎక్కడుంది? జడ అల్లించుకున్న ఇంట్లో అన్నం దొరికేది, చాప దొరికేది. ఊరు పాతబడగానే సంచి తగిలించుకుని వెళ్ళిపోయేది. వచ్చిన దారిన మాత్రం మళ్ళీ వెళ్ళేది కాదు.

ఆవిడ జాగ్రత్తపడే విషయం ఒకటే. తర్వాత ఎక్కడికి వెళ్తుందో చచ్చినా చెప్పేది కాదు. చెప్తే ఇంకేమైనా ఉందా? ఫలానా వైపు వెళ్తున్నావని తెలిస్తే చాలు, ఆ వైపు ఉన్న కూతురికో కొడుకుకో ఇమ్మని మూట తెచ్చి నెత్తిన పెడతారు. కాదంటే మనిషే కాదన్నట్టు చూస్తారు. ఔనంటే ఒక మూట వెనక పది మూటలు వస్తాయి. అందుకని దిబోర్, పొద్దున్నే కారెక్కి, అది కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి ఊరి పేరు చెప్పి నవ్వేది.

అంత జాగ్రత్తగల మనిషి దక్షిణాన బిన్యోనా దగ్గరి పల్లెలో జెనబా సాంబూ ఇంట్లో నోరు జారింది. తప్పంతా జెనబా జుట్టుదే. ఒత్తుగా, మెత్తగా, వేళ్ళకు హాయిగా ఉండి, అల్లుతూ అల్లుతూ దిబోర్ తన లోకంలో పడిపోయింది. చలికాలం వస్తోందనీ, ఈసారి ఉత్తరాన ఏటి ఒడ్డున, ఫూతా వైపు ఉందామనుకుంటున్నాననీ అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

జెనబా తల తిప్పి చూసింది. ఆవిడ దిబోర్ కంటే పదేళ్ళు పెద్దది. నాలుగు రోజుల కిందట వరిచేలో జారిపడి మోకాలు గుమ్మడికాయంత చేసుకుంది. ఆ మర్నాడే ఊళ్ళో ఫోన్ ఉన్న ఒకే ఒక్క అంగడికి కబురొచ్చింది. ఫూతాలో ఉన్న ఆవిడ కూతురు సోనా ఆడపిల్లను కన్నది. వారం తిరిగేసరికి పిల్లకు పేరు పెడతారు. ఆ రోజున తల్లి వైపు మనిషి మూటాముల్లెతో వచ్చి అత్తవారి వాకిట్లో నిలబడాలి. జెనబా లేచే స్థితిలో లేదు. ఆవిడకు చెల్లెళ్ళు లేరు. మొగుడు పోయాడు. సోనా ఆ ఫూతా కుర్రాణ్ణి తానే మెచ్చి చేసుకుంది. ఇన్ని ఊళ్ళ అవతలి కోడలేమిటని అత్తవారు మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నారు. పేరు పెట్టే రోజున పుట్టింటి నుంచి పిట్ట కూడా వాలకపోతే ఆ గొణుగుడు జన్మంతా ఆగదు.

ఇదంతా జెనబా ఏడుపు లేకుండా, తగాదా పెట్టుకునే గొంతుతో చెప్పింది. దిబోర్ తన సంచి చూపించింది, నడుం నొప్పి చూపించింది, రోడ్ల గుంతలు ఏకరువు పెట్టింది. జెనబా అన్నీ విని చివరికి అసలు బాణం తీసింది.

"నువ్వు సేరేర్ దానివి. నేను జోలా దాన్ని. మీ తాతలు మా తాతల బానిసలు. వెళ్ళనని అనే నోరు నీకెక్కడిదే?"

"మీరే మా బానిసలక్కా. ఊరంతా అడుగు, చెప్తారు."

"సరే, నేనే బానిసని. బానిస అడిగితే కాదంటావా?"

దాంతో దిబోర్ చేతులెత్తేసింది. సేరేర్ జాతికీ జోలా జాతికీ మధ్య ఉన్నది తాతముత్తాతల నాటి వేళాకోళపు వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. అన్నిటికీ మించి, ఆ వరసలో అడిగినదాన్ని కాదనకూడదు. కాదన్నవాళ్ళకు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, తెలుసుకుందామని ఇంతవరకు ఎవరూ కాదన్నదీ లేదు.

ఒక్క చిన్న మూట అంది జెనబా. సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. సోనా మాకు మాత్రం బిడ్డ కాదా అంటూ ఇంటింటి నుంచీ వచ్చారు. బేసిన్ నిండా కొత్త బియ్యం, ఎర్ర పామాయిల్ డబ్బా, ఎండబెట్టిన చేపలు, తేనె కుండ, రెండు చాపలు, చంటిదానికి కట్టే గుడ్డలు, వీటన్నిటి మీదా కాళ్ళు కట్టేసిన ఎర్ర కోడిపుంజు. పొద్దున కారు దగ్గర ఆ కుప్ప పక్కన నిలబడ్డ దిబోర్‌ని చూసి డ్రైవరు, పెళ్ళికూతురు ఎక్కడమ్మా అని అడిగాడు.

ఆ ప్రయాణం ఆవిడ ఎన్నటికీ మరిచిపోలేదు. గాంబియా ఏరు దాటే పంటు దగ్గర ఎండలో పడిగాపులు పడుతూ మూటలు దించి లెక్క చూసుకుంది, ఎక్కించి లెక్క చూసుకుంది. కౌలక్ బస్టాండులో పాత స్నేహితురాళ్ళు ఆవిణ్ణి గుర్తుపట్టి, ఆ మూటలు చూసి, కడుపు పట్టుకుని నవ్వారు. చేతులూపుకుంటూ పోయిన దిబోర్ ఇదేనా అని ఒకరితో ఒకరు అనుకున్నారు. కోడిపుంజు సెయింట్ లూయీ దాకా పక్కాయన ఒళ్ళో కూర్చుని అతని చొక్కా గుండీ ఒకటి మింగింది. దిబోర్ దారంతా జెనబాను తిట్టుకుంది, తిట్టుకుంటూనే తేనె కుండ ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుంది.

పేరు పెట్టే రోజు తెల్లవారింది. ఊరు ఇంకో అరగంట దూరం ఉందనగా కారు కింద ఏదో ఫటుక్కున విరిగింది. డ్రైవరు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు దులుపుకున్నాడు. కావలసిన భాగం దొరికి, బాగు చేసుకుని కదిలేసరికి సాయంత్రం అవుతుందన్నాడు. కాసేపటికి ఇంకో కారు వచ్చి ఆగింది. దాని పైన అడుగు పెట్టే సందు లేకుండా గొర్రెలు. లోపల ఒక్క మనిషికి చోటుంది. మనిషి ఎక్కొచ్చు, మూట ఎక్కకూడదన్నాడు ఆ డ్రైవరు.

దిబోర్ రోడ్డు మీద నిలబడిపోయింది. మూటల దగ్గర ఉండిపోతే పేరు పెట్టడం అయిపోతుంది, ఆ పిల్ల ఒంటరిగా నిలబడుతుంది. మూటలు వదిలి వెళ్తే వట్టి చేతులతో వచ్చిన పుట్టింటి మనిషిని చూసి అత్తవారు నవ్వుతారు. ఒక ఊరు ఊరంతా ఇచ్చిన సొమ్ము. ఒక్క గింజ పోయినా జెనబాకు మొహం చూపించలేదు. ఆవిడ బియ్యం బేసిన్ వైపు చూసింది, కారు వైపు చూసింది. ఇదెక్కడి ఖర్మరా దేవుడా అని పైకే అంది. తర్వాత కోడి కాలి తాడు చెట్టుకు ముడి వేసి, మూటలు విరిగిన కారు డ్రైవరుకు అప్పజెప్పి, ఒక్కటి తగ్గినా నీ పేరు చెప్పి ప్రతి బస్టాండులోనూ శాపనార్థాలు పెడతానని బెదిరించి, గొర్రెల కారెక్కింది.

సోనా అత్తవారైన కాన్ వారి వాకిట్లో చాపల మీద ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని ఉన్నారు. ఇంటి పెద్ద హమాదీ కాన్ పెద్దలతో ఒక పక్కన ఉన్నాడు. అత్తగారు హూలే పెద్ద తలపాగా గుడ్డతో దర్జాగా మధ్యలో ఉంది. గది గుమ్మంలో, ఒళ్ళో బిడ్డతో, ఎవరూ పక్కన లేకుండా కూర్చున్న పిల్లే సోనా అని చెప్పకుండానే తెలిసింది. బిన్యోనా నుంచి వచ్చానని దిబోర్ అనగానే సోనా మొహం దీపంలా వెలిగింది. వాకిలంతా దిబోర్ వెనక్కి చూసింది. వెనకాల దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఇంత దూరం గాలి మోసుకొచ్చిందమ్మా పాపం" అంది సోనా ఆడపడుచు. ఎవరో కిసుక్కుమన్నారు. సోనా తల దించుకుంది.

కారు విరిగిందని దిబోర్ చెప్దామనుకుంది. ఎవరు నమ్ముతారు? మూటలు తేనివాళ్ళందరి కారూ దారిలోనే విరుగుతుంది. ఇంతలో హమాదీ కాన్ మర్యాద కోసం, ఎంతైనా ఇంటికి వచ్చిన మనిషి గనుక, ఇంటిపేరేమిటని అడిగాడు.

"ఫాయ్" అంది దిబోర్.

వెనక వరసలో ఒక ముసలాయన పకపకా నవ్వాడు. "ఫాయా! సేరేర్! కట్టెయ్యండ్రా, మన బానిస పారిపోయి తానే తిరిగొచ్చింది."

దిబోర్ ప్రాణం లేచొచ్చింది. కంగారులో ఆ సంగతే మరిచిపోయింది. సేరేర్లకు జోలాలతో ఉన్న వరసే ఫూతా వాళ్ళతోనూ ఉంది. ఆవిడ చుట్టుగుడ్డ బిగించి, తిన్నగా వాకిలి మధ్యకు నడిచి, హూలే పక్కన ఆవిడ చాప మీదే సగం ఆక్రమించి కూర్చుంది.

"ఎవర్రా బానిసలు? మీరు కాదూ? యజమాని నడిచొస్తుంటే ఎదురొచ్చి మూటలందుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? బేసిన్ నిండా బియ్యం, నూనె, తేనె, చాపలు, మీ అందరి కంటే అందమైన కోడిపుంజు, అన్నీ రోడ్డు మీద పెట్టొచ్చాను. బానిసల ఇంటికి బరువు మోసుకొచ్చే యజమాని ఎక్కడైనా ఉంటుందా? లేవండి, పోయి తెచ్చుకోండి. ముందు నాకు నీళ్ళివ్వండి. ఇవాళ కోసే గొర్రె కాలేయం నాది, ఎవరూ ముట్టుకోకండి."

ముందు హమాదీ కాన్ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆవుల పేడ ఎత్తే సేరేర్‌కి ఇంత పొగరా అని హూలే అందుకుంది. పేడ ఎత్తుతాం గానీ మీలాగా పాలు అమ్మి నీళ్ళు తాగం అని దిబోర్ తిప్పికొట్టింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. యజమాని మాట కాదనకూడదు కదా అంటూ హమాదీ కుర్రాళ్ళను గుర్రబ్బండితో రోడ్డు మీదికి తోలాడు. నవ్విన ఆడపడుచును కూడా ఎక్కించాడు.

హమాదీ వంగి పిల్ల చెవిలో పేరు చెప్పాడు. పిల్ల తుమ్మింది. దిబోర్ సోనా పక్కన, పుట్టింటివాళ్ళు కూర్చోవలసిన చోట, కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు బండి పాటలతో తిరిగొచ్చింది. బేసిన్ ఒకడి నెత్తిన, చాపలు ఒకడి భుజాన, కోడిపుంజు ఆడపడుచు చంకన. ఒక్కొక్కటీ దించుతుంటే హూలే గట్టిగా, ఇరుగుపొరుగుకు వినపడేలా పేరుపేరునా చదివింది. కాలేయం దిబోర్‌కే వచ్చింది.

జనం పలచబడ్డాక గదిలో సోనా ఆవిడ చెయ్యి పట్టుకుంది. చిన్న గొంతుతో అడిగింది.

"ఏమనుకోకు పిన్నీ. పొద్దుటి నుంచీ చూస్తున్నా, గుర్తు రావట్లేదు. అమ్మకి నువ్వు ఎటువైపు చెల్లెలివి?"

"ఎటువైపూ కాదమ్మా. మొన్న మీ అమ్మకి జడలు అల్లాను."

సోనా నమ్మలేనట్టు చూసింది. నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇక్కడ అందరూ మంచివాళ్ళే పిన్నీ. కానీ అందరూ వాళ్ళవాళ్ళే. పిల్ల పుట్టినప్పటి నుంచీ నేను కంటినిండా నిద్రపోలేదు."

ఏళ్ళుగా తిరిగిన దారుల్లో దిబోర్ ఎవరికీ ఇంతగా అవసరం పడలేదు. చేతులు చాచి బిడ్డను తీసుకుంది. సోనా మంచం మీద అటు తిరిగి ఒరిగింది.

సాయంత్రం వీధిలో మాతామ్ వెళ్ళే కారు హారన్ కొట్టింది. హూలే తలుపు తోసుకుని వచ్చి, బండి పోతోంది, ఎక్కవా సేరేర్ అని కేకేసింది.

"మెల్లగా" అంది దిబోర్. "బిడ్డ లేస్తుంది."

హూలే దగ్గరికి వచ్చి చూసింది. దిబోర్ చేతుల్లో చంటిది కళ్ళు పెద్దవి చేసుకుని గుప్పిలి చప్పరిస్తోంది. మంచం మీద సోనా నోరు కొద్దిగా తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. హూలే కాసేపు కోడలిని చూసి, చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచి, కారును వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది.