చదివి చెప్పే గొంతు

విజయేందర్ పొద్దుమూకి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే పెండ్లాం భవాని ఫోను అడుగుతడు. ఎవరు చేసిండ్రు, ఏం రాసిండ్రు, అన్నీ జరుపుకుంట చూస్తడు. అదేం రోగమో! నౌకరీ మానిపిచ్చిండు, పుట్టింటికి పోవుడు సుత బంద్ పెట్టిండు. బోయిగూడలున్న ఆ రెండర్రల ఇంట్ల భవానికి ఊపిరాడుతలేదు. ఎట్లనన్న బయటపడాలె, అంతే.

పాత దోస్తు జన్నత్ పద్మారావు నగర్ల బట్టలు కుట్టే దుకాణం నడుపుతది. భవాని ఫోన్ల కొత్త యాప్ ఏసిచ్చింది ఆమెనే. "చదివినంక మెసేజ్ దానంతట అదే మాయమైపోతది. కంపెనీవోళ్లకే కనబడదంట, ఇగ నీ మొగుడెంత?" అన్నది.

మాట నిజమే. కానీ భయానికి భవాని నోటిఫికేషన్లు బంద్ పెట్టింది. ఏమైంది? బోయిన్‌పల్లిల రూము దొరికిందని జన్నత్ పెట్టిన ముచ్చట ఈమె యాప్ తెరిచి చూసేసరికి, రూము ఇంకొకరికి పోయింది. జన్నత్ మస్తు తిట్టింది. ఇగ తప్పక ఆన్ చేసింది. ఫోను లాకుల ఉన్నప్పుడు పేరు, మాట కనబడకుండ దాచి, హమ్మయ్య అనుకుంది.

అత్త శారదమ్మకు కండ్లల్ల పొర. మధ్యాహ్నం భజనలు ఇనేది కోడలి ఫోన్లనే. ఎవరు ఫోన్ చేసిండ్రో తెల్వక ముసలామె పరేషాన్ అయితున్నదని, వచ్చిందల్ల పైకి చదివే సెట్టింగు పెట్టింది సుత భవానియే. పెట్టి మర్చిపోయింది. భజన నడుస్తుంటే ఫోను లాకుల ఉండదన్న సంగతి ఆమెకు తట్టనే లేదు, పిచ్చిది.

ఆ రోజు బయట బట్టలు ఆరేస్తుంటే లోపల భజన ఆగింది. ఫోన్లకెళ్లి ఓ ఆడగొంతు తాపీగ చదివింది: "జన్నత్. రూము తాళం నా దగ్గరుంది. రేపు వాడు డ్యూటీకి పోంగనే వచ్చెయ్."

భవాని తడి చీర పట్టుకొనే లోపలికి ఉరికింది.

"అత్తమ్మా, అది ఎవరికో పోవాల్సింది..."

"కండ్లు కనబడయి గని చెవులు మంచిగున్నయి బిడ్డా. ఇంకో రూము చూస్తున్నని ఇదే గొంతు చదివితే మొన్ననే ఇన్న."

"ఆయనకు చెప్పిండ్రా?"

"చెప్పలే. చెప్తే నిన్ను అర్రల ఏసి తాళమేస్తడు. వాడి సంగతి నాకు తెల్వదా?"

భవానికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఇంట్ల తన దిక్కు నిలబడ్డ మనిషి ఈమె ఒక్కతే. వంగి అత్త కాళ్లు పట్టుకుంది.

శారదమ్మ ఆమె చెయ్యి దొరకబట్టుకుంది. "నువ్వు పోతే నాకెవరున్నరే? అన్నం కలిపి పెట్టేదెవరు, బాత్రూముకు పట్టుకపోయేదెవరు? నువ్వు ఈడనే ఉంటే, వాడికి నేను చెప్పను."

భవాని చెయ్యి గుంజుకుందామని చూసింది. ముసలామె ఇడువలే.

"రానని చెప్పు ఆ పిల్లకు. రాయకు, నోటితోనే చెప్పు. నేను సుత ఇనాలె," అని ఫోను కోడలి మూతి కాడ పెట్టింది.

భవాని మైకు గుర్తు నొక్కింది. "నేను రాను జన్నత్," అన్నది.

"సందేశం పంపబడింది," అని చదివింది ఫోను.


శారదమ్మ తృప్తిగ తలూపి, "ఇగ భజన పెట్టు బిడ్డా," అన్నది.