కుడి గది కోడిపిల్లలు

మా ఆవిడ పోయిన మూడు వారాలకు హేచరీ వాళ్లు వచ్చి, ఎప్పుడో ఆవిడ చెప్పి ఉంచిన రెండు వందల కోడిపిల్లలను షెడ్డులో దించి వెళ్లారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

షెడ్డు మధ్యలో వల కట్టి ఆవిడ రెండు గదులు చేసింది. ఎడమ గది పిల్లలకు మేతలో తను నూరిన పొడి కలపాలి. వెల్లుల్లి, పసుపు, వాము, ఎండు మునగాకు కలిపి నూరినది. కిలో మేతకు పది గ్రాములు. కుడి గదికి ఉత్త మేత. వారానికోసారి ఒక్కో గది నుంచి పది పిల్లలను తూచి పుస్తకంలో రాయాలి. ఆ పొడి తింటే పిల్లలు రోగాలు రాకుండా గట్టిపడతాయని, బరువు కూడా పెరుగుతాయని ఆవిడ నమ్మకం.

పద్ధతి చెప్పింది నేనే. బళ్లో సైన్సు చెబుతాను కనుక. షెడ్డులోకి మాత్రం ఎన్నడూ వెళ్లలేదు; పుస్తకం తెచ్చిస్తే దిద్దేవాణ్ణి. ఆవిడ పెంచిన మూడు విడతల పిల్లల్లోనూ రెండు గదుల బరువులు ఇంచుమించు ఒకటే. మూడో విడత చివర ఎర్ర సిరాతో ‘పొడి వల్ల ప్రయోజనం కనబడలేదు’ అని రాశాను. ఆవిడ చదివి, “మీ చేతిరాత బాగుందండీ” అని పుస్తకం మూసింది. ఆ నెలలోనే జ్వరం వచ్చింది.

నేను రాసిన ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలి. అందుకే నాలుగో విడత నేనే చూసుకుందామనుకున్నాను. నేను బడికి వెళ్లాక మేత వేయడానికి అత్తగారు ఉండిపోయారు.

పద్నాలుగో రోజు తూచాను. ఎడమ గది సగటు మూడు వందల డెబ్భై గ్రాములు. కుడి గది మూడు వందల అరవై ఎనిమిది. పుస్తకం మూయబోతుంటే కుడి గది మేత పళ్లెం అంచున పచ్చగా కనబడింది. వేలితో తుడిచి వాసన చూశాను. వెల్లుల్లి.

“అత్తయ్యా, కుడి గదికి పొడి వేశారా?”

“కొంచెమే బాబూ.”

“ఎంత కొంచెం?”

“వాటికెంత వేస్తే వీటికీ అంత.”

“వెయ్యొద్దని గోడకి రాసి అంటించాను కదా!”

“చదివాను. బోలెడంత పెద్ద అక్షరాలు. కానీ నువ్వు బడికెళ్లిపోతావు. వలలోంచి ముక్కులు బయటపెట్టి చూసేది నన్ను.”

“అవి గిన్నె చప్పుడు విని వస్తాయి. పొడి సంగతి వాటికేం తెలుసు?”

“నీకు చెప్పాయా?”

“రెండింటికీ వేస్తే పొడి పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందండీ?”

“ఒక్క పిల్లన్నా పోయిందా? ఇంకేం తెలియాలి?”

తల పట్టుకున్నాను. ఆరో తరగతి పిల్లలకైనా ఈపాటికి ఎక్కేది.

“మీ అమ్మాయి ఉన్నప్పుడు కూడా ఇలాగే చేశారా?”

“నేనెందుకు చేస్తాను? అదే వేసేది.”

“ఏ గదికి?”

“రెండిటికీ. ‘ఆయనకి చెప్పకమ్మా, పాఠం మొదలెడతారు’ అంది. తూకం మాత్రం ఉన్నదున్నట్టే రాసేది. అబద్ధం రాసే పిల్ల కాదు.”

మూడు విడతలు. ప్రతి వారం ఇరవై పిల్లలు, ఒక్కొక్కటీ బకెట్లో పెట్టి తూచడం. ఆ అంకెలన్నీ నేను సగటులు కట్టి, తప్పులు దిద్ది, తీర్పు రాశాను. గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే వినవలసిన మనిషి లేదు.

ఎర్ర కలం తీసి, నేను రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. దాని కింద ‘పరీక్ష జరగలేదు’ అని రాశాను.

“పొడి డబ్బా అడుగంటింది,” అన్నారు అత్తగారు. “నాకు తెలుసులే, నూరిపెడతాను.”

“తూచి నూరండి. ఈసారి కుడి గదికి తాళం వేస్తాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.”

“మరి వాటికి మేత?”

“నేనే వేసి బడికి వెళ్తాను.”

అత్తగారు చీపురు అందుకుని, ఊక మీద పడిన మేతను దగ్గరకు ఊడుస్తూ అన్నారు.

“వెయ్యి బాబూ. వేసేటప్పుడు వాటి మొహం మాత్రం చూడకు.”