ఎవరూ లేని చెట్టు

యెఫీమ్ గుడిసె తలుపు లోపలికి లాగి, ఎదురుగా గోడలా నిలిచిన మంచును పారతో తవ్వుతున్నాడు. రష్యా తూర్పు కొసనున్న మా కమ్చట్కాలో తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి; బయటికి తెరిచేది పెట్టుకున్న మొండివాడు వసంతం చూడడు. యెఫీమ్ పొట్టి మనిషి, వంగిన భుజాలు, చలి కొరికేసిన ఎడమ చెవి. అడవి కాపలా అంటే తుపాకీ, దర్పం అనుకునేరు. గుడిసె పక్కనున్న సూదాకుల పీఖ్తా చెట్ల తోపు చుట్టూ నడవడం, నిప్పూ గొడ్డలీ దరి చేరనివ్వకపోవడం, అంతే అతని బతుకు.

పట్నం వాళ్లకు అవి అరుదైన చెట్లు. యెఫీమ్ పుట్టిన ఇతెల్మెన్ జనానికి మాత్రం, కరువులో బెరడు తిని చచ్చిన పెద్దల ఒళ్లలోంచి మొలిచినవి. ముట్టుకుంటే ఇంట్లో చావు తప్పదని వాళ్ల నమ్మకం.

బల్ల మీద అతని భార్య గ్లఫీరా జ్వరంతో దగ్గుతోంది. చేపల ఫ్యాక్టరీలో పనికని రష్యా నడిబొడ్డు నుంచి వచ్చి, ఇతణ్ణి కట్టుకుని ఉండిపోయిన మనిషి. గాలి తగ్గితేనే ఆమెను తీసుకెళ్లడానికి హెలికాప్టరు పంపుతామని వైర్‌లెస్‌లో అదే పాట. గోరుచుట్టు మీద రోకటిపోటులా, మంచుచరియ విరిగిపడి కట్టెలన్నిటినీ సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. ఆమె పడుకున్న బల్ల తప్ప పీటలు, మంచుబండి, అలమర అన్నీ అప్పుడే పొయ్యి పాలయ్యాయి.

"ఆ ఎండు పీఖ్తా మోడు కొట్టుకురావయ్యా," అంది గ్లఫీరా. "వాకిట్లోనే ఉందిగా."

"అందులో పెద్దాళ్లున్నారే."

"చచ్చినోళ్లకున్న మర్యాద బతికున్నదానికి లేదన్నమాట. సరే, నేను పోయాక నన్నూ అక్కడే పాతు. చెట్టయితే నన్నూ నరకవు. అప్పుడన్నా హాయిగా ఉంటా."

యెఫీమ్ నవ్వబోయాడు, చేతకాలేదు. గొడ్డలి తీసుకుని బయటికి నడిచాడు.

మోడు దగ్గర ఆగాడు. నిలువునా ఎండింది, ఒక్క పుల్లతో అంటుకుంటుంది. చెయ్యి లేవలేదు. దాన్ని దాటి పోయి, తన కళ్లముందు విత్తులోంచి మొలిచిన పీఖ్తా మొక్క దగ్గర మోకరిల్లాడు. దీన్లో ఎవరూ లేరు, నేనే చూశాను కదా, అనుకున్నాడు. రెండు దెబ్బలకే పడిపోయింది.

పచ్చి కట్టె ఎక్కడన్నా మండుతుందా? జిగురుంది, అంటుకోకపోతుందా అని ఆశపడ్డాడు పిచ్చివాడు. దాన్ని పొయ్యిలో పెట్టి, లాంతరులోని చమురంతా దాని మీద పోశాడు. అది కాసేపు మండి, చమురైపోగానే చుయ్యిమని ఆరిపోయింది. గదంతా పొగ. గ్లఫీరా దగ్గు ఇంకా పెరిగింది.

అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. "మోడే తెస్తా. పెద్దాళ్లు ఏం చేసుకుంటారో చేసుకోనీ," అని లేచాడు.

గ్లఫీరా అతని చొక్కా అంచు పట్టుకుంది. "ఇంక వెళ్లకు. ఒక్కదాన్నే ఉండలేను."

"ఇప్పుడే వస్తానే."

"వద్దు. కాళ్లు చల్లగా ఉన్నాయి."

యెఫీమ్ ఆమె పాదాలను తన చొక్కా లోపల కడుపుకి ఆనించుకుని కూర్చున్నాడు. అవి ముందునుంచీ చల్లగానే ఉన్నాయి, అందుకని ఆమె ఎప్పుడు పోయిందో అతనికి తెలియలేదు.

గాలి తగ్గాక హెలికాప్టరు వచ్చింది. గ్లఫీరాను ఊరి శ్మశానానికి తీసుకుపోయారు. యెఫీమ్ కూడా ఎక్కాడు, మళ్లీ తిరిగి రాలేదు. ఆ గుడిసె పొయ్యిలో బూడిద ఎత్తినవాళ్లు లేరు. అందులో ఒక పక్కే నల్లబడ్డ పీఖ్తా కొమ్మ ఉంది, రెండో పక్క ఆకులు పచ్చగానే ఉన్నాయి.